తట్టేకాడ్ అడవిలో ట్రోగన్ జంట

కేరళలోని ఆలువాలో రైలు దిగి కోతమంగళం మీదుగా తట్టేకాడ్ చేరాం. పెరియార్ ఒడ్డున పాతిక చదరపు కిలోమీటర్ల అడవి ఇది, 1983లో పక్షుల అభయారణ్యమైంది. మేం వెళ్లింది మలబార్ ట్రోగన్ అనే అడవి పిట్ట కోసం. వానాకాలంలో అయితే జలగల బెడద. ఫిబ్రవరికి దారులు ఆరతాయి, జతకట్టే కాలం కావడంతో మగవి బాగా కూస్తాయి.

తెల్లవారాక కాసేపటికి కూత వినిపించింది. గొంతులోంచి 'క్యూ క్యూ క్యూ' అని వరసగా. కూత వినగానే చాలామంది తలెత్తి చిటారుకొమ్మల్లో వెతుకుతారు, అందుకే పిట్ట దొరకదు. ట్రోగన్ ఉండేది అడవి నడిమెత్తులో, తీగలు అడ్డంగా వేలాడే నీడలో. నిటారుగా, కదలకుండా కూర్చుంటుంది. అలికిడైతే వెంటనే ఎగిరిపోదు, మనకు వీపు తిప్పేస్తుంది. ఆ వీపు గోధుమ రంగు, ఎండుటాకుల్లో కలిసిపోతుంది. ముందుకెళ్తే పని చెడుతుంది, ఆగాలి. మా గైడ్ ఎవరినీ అడుగు వేయనివ్వలేదు.

చివరికి మగది పురుగు కోసం గాల్లోకి లేచి, తిరిగొచ్చి మావైపు కూర్చుంది. ఎంత అందం! నల్లటి తల, రొమ్ము. కింద తెల్లటి పట్టీ. ఆ పట్టీ దాటగానే గులాబీ కలిసిన ఎరుపు. కంటి చుట్టూ నీలి చర్మం. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్‌లో రెక్క మీది సన్నటి తెల్లగీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. పొడవాటి తోక చివర కత్తిరించినట్టు ఉంటుంది. ఆడదానికి తెల్ల పట్టీ లేదు, తల, రొమ్ము గోధుమ రంగు, పొట్ట మాగిన నారింజ ఛాయ. రంగు ఒక్కటే నమ్ముకుంటే ఆడదాన్ని వేరే పక్షి అనుకుంటారు. కూర్చునే తీరు, తోక చూస్తే అనుమానం తీరిపోతుంది.

కాలివేళ్లు కూడా చూడాలి. చిలకకి, వడ్రంగిపిట్టకి మొదటి, నాలుగో వేళ్లు వెనక్కి ఉంటాయి. ట్రోగన్లకి మొదటి, రెండో వేళ్లు వెనక్కి. ఇంకే పక్షి జాతికీ ఈ అమరిక లేదు.

నీడలో వెలుతురు చాలదు. ఫ్లాష్ వద్దు, మోనోపాడ్ (కెమెరాకి ఒంటికాలి స్టాండ్) మీద షట్టర్ వేగం 1/125 సెకనుకి దించినా బొమ్మ చెదరదు, పిట్ట అంత కదలకుండా ఉంటుంది. రికార్డు చేసిన కూత వినిపించి పిలవడం మాత్రం తప్పు, ముఖ్యంగా జతకట్టే ఈ నెలల్లో. పుచ్చిన మోడుని ముక్కుతో తొలిచి గూడు చేసుకోవడానికే ఆ జంటకు దాదాపు నెల పడుతుంది. మన మారేడుమిల్లి అడవుల్లోనూ ట్రోగన్ ఉంది. అక్కడా నడిమెత్తు తీగల్లోనే వెతకండి.