బెంగళూరు పియానో, విశాఖ గాలి

మా పాప ఆరేళ్లుగా కీబోర్డు మీదే నేర్చుకుంటోంది. నిరుడు వాళ్ల టీచర్ నన్ను పిలిచి, "ఇక దీని మీద లాభం లేదండీ, వేళ్లకు బరువు అలవాటవ్వాలి, అసలు పియానో ఉండాల్సిందే" అన్నారు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. వెతగ్గా వెతగ్గా బెంగళూరులో ఒకాయన దగ్గర యమహా యూ1 అనే నిలువు పియానో ఉందని తెలిసింది. వాళ్లు విదేశం వెళ్లిపోతున్నారు, పది రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి. రెండు లక్షల ఇరవై వేలు చెప్పారు. చూస్తే నాకు సెలవు లేదు, పాపకు పరీక్షలు. పోనీ నేనొక్కణ్నే వెళ్దామన్నా చేసేదేముంది, నాకు సరిగమలే రావు. అలా వాయించి చూడకుండానే కొనడానికి దిగాను.

ముందు సీరియల్ నంబరు అడిగాను. పై మూత ఎత్తితే లోపల బంగారు రంగు ఇనుప చట్రం మీద ఉంటుంది. 23 లక్షల పైచిలుకు నంబరు, అంటే 1976 ప్రాంతం. నాకంటే రెండేళ్లు పెద్దది. వయసు చూసి కంగారు పడక్కర్లేదని, ఎంత వాయించారు, ఎలాంటి చోట ఉంచారు అన్నదే చూడాలని టీచర్ ధైర్యం చెప్పారు.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో ఆయన ఒక్కో కీ నొక్కుతుంటే నా గుండె జారింది. టంగుమని మోగడం, వెంటనే గొంతు నొక్కినట్టు ఆగిపోవడం. మొత్తం 88 కీలూ అంతే. పియానో పోయిందనే అనుకున్నాను. తర్వాత టీచర్ నవ్వి అసలు సంగతి చెప్పారు. ఫోన్ కాల్‌లో మాట తప్ప మిగతాదంతా రొద కింద లెక్కగట్టి కోసేస్తుందట. సాగే స్వరం దానికి ఫ్యాన్ చప్పుడుతో సమానం. కాల్ మానేసి, మామూలుగా వీడియో తీసి ఫైలుగా పంపమన్నాం. అందులో అదే పియానో గుడిగంటలా మోగింది. ఈ ఒక్కటి తెలియక మంచి బేరాలు వదులుకున్నవాళ్లు ఎందరున్నారో!

ఆ ఫైలు విన్నది మా ఆవిడ. పెళ్లికి ముందు పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. వంటింట్లోంచే, "శ్రుతి దిగిపోయింది" అంది. నేను నమ్మలేదు. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే, 440 హెర్ట్జ్ ఉండాల్సిన మధ్య 'ఏ' స్వరం 432 దగ్గర ఉంది. ఆయన్ని అడిగితే, "మూడేళ్లుగా ట్యూనింగ్ చేయించలేదు సార్, తీగలు కదా, దిగుతాయి" అన్నారు. నిజమే, దిగుతాయి. కానీ తీగలు చుట్టి ఉండే మేకులు బిగువు పోయి దిగితే మాత్రం ఎన్నిసార్లు బిగించినా నిలవదు. అందుకే వాళ్లకు దగ్గర్లో శ్రుతి చేసే ట్యూనర్‌ని పిలిపించి నాలుగైదు మేకులు తిప్పి చూడమని అడిగాను, ఫీజు నేనిస్తానన్నాను. గట్టిగానే ఉన్నాయని కబురొచ్చింది.

కింది పలక తీసి ఫొటో పంపమన్నప్పుడు మాత్రం ఆయన కాస్త విసుక్కున్నారు. పంపారులెండి. రెండు నాఫ్తలీన్ ఉండలు, ఒక విరిగిన క్రేయాన్, చచ్చిన బొద్దింక. ఎలుక పెంటికలు లేవు, కొరికిన ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) లేదు, చెద మట్టి లేదు. మన దగ్గర పాత పియానోకి వీటిని మించిన శత్రువు లేదు. వెనక మోతను పెంచే చెక్క పలక, సౌండ్ బోర్డులో చీలికా కనబడలేదు. శ్రుతి సంగతి చూపించి లక్షా తొంభై అయిదు వేలకు ఒప్పించాను. పదివేలు అడ్వాన్సు, మిగతాది లారీ ఎక్కించాక.

లారీ ఖర్చు ఇరవై నాలుగు వేలు. వెయ్యి కిలోమీటర్లు, నిలబెట్టే తీసుకురావాలి, పడుకోబెట్టకూడదు. ఇక్కడ మొదటి అంతస్తుకి ఆరుగురు కళాసీలు ఎక్కించారు. రెండొందల కిలోలు దాటే బరువు. మెట్ల మలుపు దగ్గర వాళ్ల మేస్త్రీ, "బాబూ, ఇందులో ఏటుంది, ఇనప్పెట్టా?" అన్నాడు.

వారం రోజులు ఇంట్లో పండగే. ఎనిమిదో రోజు పాప మొహం వేలాడేసుకుంది. ఒకే కీని గబగబా కొడితే రెండో దెబ్బ పలకడం లేదు. మధ్యలో తొమ్మిది కీలు ఇదే వరస. నేను ఆ వీడియో మళ్లీ మళ్లీ వేసి చూశాను. ఒక్కో కీ ఒక్కసారి నొక్కి చూపించమన్నాను తప్ప, వెంటవెంటనే నాలుగుసార్లు కొట్టమనలేదు. మోసపోయానని ఆయన మీద కోపం, అడగలేదని నా మీద నాకు కోపం.

విశాఖలో నాకు ట్యూనర్ దొరకలేదు. చెన్నై నుంచి ఒక పెద్దాయన్ని రైల్లో పిలిపించాం. కొత్త చోట కుదురుకోనివ్వండంటూ మూడు వారాలు ఆగి వచ్చారు. ముందు పలక తీసి, తీగను కొట్టే చిన్న సుత్తి, అంటే ఒక హ్యామర్‌ని వేలితో తోసి వదిలారు. అది తీగ దగ్గర్నుంచి నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా వెనక్కొచ్చింది. ప్రతి హ్యామర్ అడుగునా చిన్న పిన్ను ఉంటుంది, దాని చుట్టూ కాస్త ఫెల్ట్. ఆ ఫెల్ట్ తేమకు ఉబ్బి పిన్నుని పట్టేసింది. "బెంగళూరులో బాగానే పలికుంటుంది సార్. ఇక్కడికొచ్చాక మీ సముద్రం గాలి తాగింది" అన్నారు. అమ్మినాయన మీద మనసులో అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఆయన పిన్నులు తీసి, ఫెల్ట్ సవరించి, మళ్లీ పెట్టారు. మధ్యాహ్నం భోజనం తర్వాత శ్రుతి మొదలుపెట్టారు. రెండొందలకు పైగా తీగలు. ఒక్కసారిగా లాగితే తెగుతాయని ఒక విడత పైపైన, మర్నాడు ఇంకో విడత జాగ్రత్తగా బిగించారు. తేమ చేరకుండా లోపల సన్నటి హీటర్ రాడ్ ఒకటి పెట్టారు. రాను పోను టికెట్లతో కలిపి పద్దెనిమిది వేలైంది. ముందు వేసుకున్న బడ్జెట్లో ఇది లేనే లేదు.

ఏడు కీలు పూర్తిగా దారిలో పడ్డాయి. రెండు మాత్రం ముసురు పట్టినప్పుడల్లా బద్ధకిస్తాయి, శీతాకాలం దాకా చూద్దామన్నారు ఆయన. వెళ్తూ వెళ్తూ పియానోని సముద్రం వైపు గోడ నుంచి లోపలి గోడకు జరిపించి, కిటికీ మూసేయమన్నారు. ఎంవీపీ కాలనీలో ఈ ఫ్లాటు ఆ కిటికీ గాలి కోసమే కొన్నాం. ఇప్పుడు పాప సాధన చేస్తుంటే, మా ఆవిడ పక్కన కూర్చుని పేపరుతో విసురుకుంటూ వింటోంది.