ఊడ దిగింది

వేరుశనగ ఏ చెట్టుకు కాస్తుందని మా అమ్మాయి అడిగితే "నేలలోపల, వేళ్లకు" అని ధీమాగా చెప్పేశాను. తప్పే. నాలుగు గింజలు కుండీలో వేశాక తెలిసింది. పసుపుపచ్చ పువ్వు పైనే పూసింది. అది వాడాక దాని మొదట్లోంచి సూదిలాంటి ఊడ ఒకటి సాగి మట్టిలోకి దిగింది. కాయ కట్టేది ఆ ఊడ చివర! నేల గట్టిపడితే ఊడ దిగదట. మట్టిని గుల్ల చేయడం అందుకే.

2000లో ప్రపంచంలో పనిచేసేవాళ్లలో దాదాపు 40 శాతం మంది సాగులో ఉండేవాళ్లు. 2021కి 27 శాతం. పొలం వదిలినవాళ్లతో పాటే ఈ సంగతులూ వెళ్లిపోతున్నాయి. బడిలో కిరణజన్య సంయోగక్రియ బట్టీ పట్టించారు (ఇప్పటికీ అప్పజెప్పగలను). తినేది ఎలా కాస్తుందో ఎవరూ చూపించలేదు. ఒక్క కుండీ పెట్టినా సరిపోయేది.

అమ్మాయి రోజూ మట్టి తవ్వి చూస్తోంది. వద్దంటే వినదు.