బయాఫ్రా: రేవు పోయింది, నోటు పోయింది

1967లో నైజీరియా నుంచి విడిపోయి 1970లో ఓడిపోయిన తూర్పు ప్రాంతమే బయాఫ్రా. దాని ఓటమి అనగానే అందరూ సైన్యాల బలాబలాలే లెక్కేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది రేవులు, నోట్ల సంగతి.

1967 మే 27న సైనిక పాలకుడు గోవన్ నైజీరియాను 12 రాష్ట్రాలుగా విడగొట్టాడు. తూర్పు ప్రాంతం మూడు ముక్కలైంది. అక్కడి పెద్ద జాతి ఇబోలు ఎక్కువగా ఉన్న ముక్కకు సముద్రమే లేదు. రేవులు, చమురులో చాలా భాగం మిగతా రెండింటికి వెళ్ళాయి. అక్కడి ఇజా, ఎఫిక్ లాంటి చిన్న జాతులకు సొంత రాష్ట్రం ఆశ చూపించినట్టయింది. మే 30న తూర్పు ప్రాంత సైనిక గవర్నర్ ఒజుక్వు బయాఫ్రా స్వాతంత్ర్యం ప్రకటించేసరికే ఇంట్లో చీలిక సిద్ధంగా ఉంది.

ఆ తర్వాత చమురు రాయల్టీ గొడవ. ఎవరికి కట్టాలో తేల్చుకోలేక చమురు కంపెనీ షెల్-బీపీ బయాఫ్రాకు నామమాత్రంగా 2,50,000 పౌండ్లు ఇస్తామంది. లాగోస్, అంటే అప్పటి రాజధానిలోని నైజీరియా ప్రభుత్వం, వెంటనే చమురు ఎగుమతులనూ దిగ్బంధించింది. జులైలో బోనీ రేవు నైజీరియా చేతికి పోయింది, 1968 మేలో పోర్ట్ హార్‌కోర్ట్ కూడా. ఇక ఓడలు వచ్చే దారే లేదు.

తుపాకీ పేలకుండా తగిలిన దెబ్బ ఇంకోటి: 1968 జనవరిలో నైజీరియా నోట్లు మార్చేసింది. బయాఫ్రా చేతిలో ఉన్న పాత నోట్లు బయట చెల్లకుండా పోయాయి. ఆయుధాలు కొనాల్సిన సొమ్ము కాగితాలైపోయింది. నెలాఖరుకు సొంత పౌండు అచ్చేశారు గానీ, దాన్ని దేశం బయట తీసుకునేదెవరు?

మిగిలింది ఉలి అనే ఊరి దగ్గరి విమానాల దారి. తారు రోడ్డునే వెడల్పు చేసి రన్‌వేగా మార్చారు. విమానాలు రాత్రిపూటే దిగేవి. దిగే ముందు క్షణాలపాటు దీపాలు వెలిగించి ఆర్పేసేవారు, పైన బాంబర్ పొంచి ఉండేది కాబట్టి. ఆకలితో ఉన్న పిల్లలకు సాయంగా తిండి, సైన్యానికి ఆయుధాలు రెండూ ఆ చీకట్లోనే వచ్చేవి. అందుకే తిండిని పగటి విమానాల్లో తేవాలన్న ప్రతిపాదన ఒజుక్వుకు నచ్చలేదు: తిండి పగటికి మారితే ఆయుధాల విమానాలకు ఆ చాటు ఉండదు. ఆకలిచావుల నిందంతా లాగోస్‌దే అనేవాళ్ళు ఈ సంగతి దాటవేస్తారు. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ విమానాన్ని నైజీరియా కూల్చేశాక తిండి సరఫరా ఇంకా తగ్గింది.

1970 జనవరి 11న ఒజుక్వు విమానమెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు అతని స్థానంలోకి వచ్చిన ఎఫియాంగ్ రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. యుద్ధకాలంలో తమ బ్యాంకు ఖాతాలు వాడుకున్నవాళ్ళకు, అందులో ఎంతున్నా సరే, లాగోస్ చేతిలో పెట్టింది 20 పౌండ్లు.