పెన్సిలుకు చుట్టిన టేపు

క్యాసెట్ల కాలంలో పెరిగినవాళ్లకు పెన్సిలుకు ఉన్న రెండో ఉపయోగం చెప్పనక్కరలేదు. టేపురికార్డరు టేపును మింగేసినప్పుడు, లోపల చిక్కుపడ్డ ఆ గోధుమరంగు రిబ్బనును తెగిపోకుండా మెల్లగా బయటికి లాగి, మడతలను వేలితో సాపుచేసి, క్యాసెట్ పళ్లచక్రంలో పెన్సిలు దూర్చి తిప్పుతూ మళ్లీ లోపలికి చుట్టేవాళ్లం. ఒకసారి అలా చుడుతుండగా మా ఇంట్లోని పాటల క్యాసెట్లో టేపు మెలితిరిగింది. తిరిగి పెట్టి మీట నొక్కితే పాట సగందాకా బాగానే నడిచి, ఆ మెలిక దగ్గరికి రాగానే అవతలి వైపు పాట వెనకనుంచి ముందుకు, దుప్పటి కప్పుకొని పాడుతున్నట్టు వినిపించింది. ప్రతి స్వరమూ ముందు ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి, తరువాత టక్కున తెగిపోయేది. ఇంట్లోవాళ్లు క్యాసెట్ పాడైందన్నారు గాని, నేను మాత్రం ఆ భాగాన్ని పదేపదే వెనక్కి తిప్పుకొని విన్నాను. చాలా ఏళ్ల తరువాత ఇంగ్లండుకు చెందిన రాక్ సంగీత బృందం బీటిల్స్ 1966లో చేసిన ‘రివాల్వర్’ అనే ఆల్బమ్ విన్నప్పుడు, అందులో మూడో పాట నడుమ గిటారు సరిగ్గా అలాగే ఉబ్బి తెగిపోతుంటే, నాకు ఆ క్యాసెట్టే గుర్తుకొచ్చింది. మా ఇంట్లో పొరపాటున జరిగినదాన్ని అక్కడ జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు యువకులు గంటల తరబడి కూర్చొని కావాలని చేశారు.

ఆ ఆల్బమ్ తయారీలో పెన్సిళ్లకూ పాలుంది. 1966 ఏప్రిల్ 7న లండన్ ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియో భవనంలో, వేరువేరు గదుల్లోని ఐదు టేపు యంత్రాలపై ఐదు టేపు చుట్లు ఆగకుండా తిరుగుతున్నాయి. టేపు ముక్క రెండు కొసలనూ అతికించి వలయంగా చేస్తే, అందులో ఉన్న శబ్దం మళ్లీమళ్లీ వస్తూనే ఉంటుంది. ఆ వలయాలు యంత్రం బయటికి వేలాడేంత పొడవుగా ఉండడంతో, అవి జారిపోకుండా, బిగువు సడలకుండా తెల్లకోట్ల సాంకేతిక సిబ్బంది పెన్సిళ్లకు తగిలించి పట్టుకొని నిలబడ్డారు. ఐదు యంత్రాల నుంచి వచ్చే శబ్దాలు ఒకే మిక్సింగ్ బల్ల మీదికి చేరుతుంటే, బల్ల ముందున్నవాళ్లు శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్లను పైకీ కిందికీ జరుపుతూ, ఏ శబ్దం ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో అక్కడికక్కడే తేల్చుకుంటూ పాట మీద పరిచారు. ఆ వలయాలను అంతకుముందు పాల్ మెకార్ట్నీ ఇంట్లో తయారుచేసుకొని తెచ్చాడు. టేపు మీది పాత శబ్దాన్ని తుడిచే భాగాన్ని యంత్రం నుంచి తీసేసి, ఒకే ముక్క మీద శబ్దం మీద శబ్దం ఎక్కించి చేసిన వలయాలవి. వాటిలో ఒకటి అతని నవ్వే. వేగం పెంచేసరికి అది సముద్రపు పక్షుల అరుపులా మారింది.

ఆ పాట పేరు ‘టుమారో నెవర్ నోస్’. ఆల్బమ్‌లో అన్నిటికంటె చివర వస్తుంది గాని, రికార్డింగ్ మొదలైంది దానితోనే, ఏప్రిల్ 6న. జూన్ 21 వరకూ సాగిన ఆ పని పద్నాలుగు పాటల ఆల్బమ్‌గా ఆగస్టు 5న బ్రిటన్‌లో విడుదలైంది. అరవయ్యోదశకపు రాక్ సంగీతంలో తరువాతి తరాల మీద అన్నిటికంటె లోతైన ముద్ర వేసిన ఆల్బమ్ ఏదని అడిగితే చాలామంది ఇదే బృందం నుంచి మరుసటి ఏడాది వచ్చిన ‘సార్జెంట్ పెప్పర్’ పేరు చెబుతారు. దాని గొప్పతనాన్ని నేను కాదనను. అయితే పాట రికార్డు చేయడమంటే పాడినదాన్ని పట్టి ఉంచడమేనన్న పాత నమ్మకాన్ని వదిలించి, స్టూడియోనే ఒక వాద్యంగా వాయించడం నేర్పింది మాత్రం ‘రివాల్వర్’ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ మొదటిరోజు రికార్డింగ్ ఇంజనీరు కుర్చీలో కూర్చున్న జెఫ్ ఎమెరిక్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. తన గొంతు కొండశిఖరం మీద నుంచి దలైలామా మంత్రాలు చదువుతున్నట్టు వినబడాలని జాన్ లెనన్ కోరాడు. అలాంటి కోరికను తీర్చే మీట ఏ యంత్రానికీ ఉండదు. ఎమెరిక్ ఆలోచించి, హామండ్ ఆర్గన్ అనే విద్యుత్ వాద్యానికి వాడే లెస్లీ స్పీకర్ పెట్టెలోకి లెనన్ గొంతును పంపించాడు. ఆ పెట్టెలో శబ్దం వెలువడే భాగం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది కనుక, గొంతు దగ్గరికి వచ్చి దూరం పోతున్నట్టు, గాలిలో సుడులు తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. ఇక డ్రమ్ముల సంగతి. మైకులను పెద్ద డ్రమ్ముకు దూరంగా ఉంచాలన్న స్టూడియో నియమాన్ని దాటి, అతడు మైకును దగ్గరికి జరిపి, డ్రమ్ములో ఒక ఉన్ని స్వెట్టరును కుక్కి మోతను కుదించి, ఆ శబ్దాన్ని ఫెయిర్‌చైల్డ్ లిమిటర్ అనే యంత్రంతో అణచి పట్టాడు. రింగో స్టార్ దెబ్బ గదిలో మోగినట్టు కాక, నేరుగా ఛాతీ మీద పడినట్టు వినిపించేది అందుకే. డ్రమ్ములకు మైకులు దగ్గరగా పెట్టడం ఈనాడు ఏ స్టూడియోలోనైనా మామూలు విషయం. ఆనాడు అది ఉద్యోగానికే ముప్పు తెచ్చే పని.

పాట తంబూరాతో మొదలవుతుంది. కచేరీలు విన్న ఇంట పుట్టినవాళ్లు ఆ మొదటి రెండు క్షణాల్లోనే తమకు తెలిసిన చోటికి వచ్చినట్టు భావిస్తారు. పాట మొత్తం ఒకే ఆధార శ్రుతి మీద నిలబడి ఉంటుంది. పాశ్చాత్య పాప్ పాటల్లో మామూలుగా వినబడే స్వరసమూహాల మార్పులు ఇందులో దాదాపు లేవు. అలా ఒకే శ్రుతిని పట్టుకొని కదలకుండా ఉండడం ఆనాటి రేడియో శ్రోతలకు వింత. మన చెవికి అది విశ్రాంతి. అయినా ఇది మన సంగీతం నుంచి తీసుకున్నదేనని చెప్పుకొని సంబరపడడం నాకు ఇష్టం ఉండదు. రాగమూ గమకమూ ఇందులో లేవు. శ్రుతి ఒక్కటే ఉంది, దాని చుట్టూ లండన్ టేపు యంత్రాల రొద ఉంది.

భారతీయ సంగీతం మరింత గట్టిగా వినబడేది జార్జ్ హారిసన్ రాసిన ‘లవ్ యూ టు’లో. తాళం లేని సితార్ ఆలాపనతో మొదలై, తబలా అందుకున్నాక పరుగెత్తే పాట అది. తబలా వాయించిన అనిల్ భగవత్‌ను లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా పిలిపించారు. ఇతర వాద్యకారుల పేర్లను అట్ట మీద వేయడం అరుదైన ఆ రోజుల్లో, ఆయన పేరు ‘రివాల్వర్’ అట్ట మీద అచ్చయింది. హారిసన్ పండిట్ రవిశంకర్‌ను కలుసుకున్నది ఆ జూన్‌లోనే. సెప్టెంబరులో సితార్ నేర్చుకోవడానికి బొంబాయి వచ్చాడు.

ఈ ఆల్బమ్ కోసం పుట్టిన పరికరాల్లో అన్నిటికంటె ఎక్కువకాలం బతికింది ఏడీటీ, అంటే ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్, ఒక గొంతును కృత్రిమంగా రెండు చేసే పద్ధతి. గాయకుడు ఒకే వరుసను రెండుసార్లు పాడి, రెంటినీ కలిపితే గొంతు నిండుగా వినబడుతుంది. లెనన్‌కు అలా రెండోసారి పాడడం మహా విసుగు. అతని విసుగును చూసిన స్టూడియో సాంకేతిక నిపుణుడు కెన్ టౌన్సెండ్ ఒక ఉపాయం పన్నాడు. పాడిన గొంతును రెండో టేపు యంత్రానికి పంపి, ఆ యంత్రం వేగాన్ని పిసరంత అటూ ఇటూ మారుస్తూ, లిప్తపాటు తేడాతో వచ్చే ఆ రెండో గొంతును మొదటిదానితో కలిపాడు. ఒక్కసారి పాడితే ఇద్దరు పాడినట్టు వచ్చింది. ఈనాటి సాఫ్ట్‌వేర్లలో గొంతును ‘డబుల్’ చేసే మీటలన్నిటికీ ఆ బద్ధకస్తుడి కోరిక, ఆ ఉద్యోగి ఉపాయం మూలపురుషులు.

నా చిన్ననాటి క్యాసెట్‌ను గుర్తుచేసిన గిటారు ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’లోనిది. టేపును వెనక్కి తిప్పి వినిపించడం ఎవరికైనా చేతనవుతుంది. అయితే హారిసన్ ముందుగా తనకు కావలసిన వరుసను నిర్ణయించుకొని, దాన్ని చివరి స్వరం నుంచి మొదటి స్వరం దాకా తలకిందులుగా వాయించి, ఆ టేపును వెనక్కి తిప్పాడు. అందుకే అది గందరగోళంగా ఉండదు. నిద్రమత్తులో ఉన్నవాడి ఆలోచనలా, వంపు తిరుగుతూనే పాట వరుసకు కట్టుబడి ఉంటుంది.

‘ఎలినార్ రిగ్బీ’ గురించి అందరూ రాశారు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. అందులో బీటిల్స్ నలుగురిలో ఎవరూ ఏ వాద్యమూ వాయించలేదు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు మాత్రమే ఉన్నాయి. ఎమెరిక్ మైకులను తంతుల మీదికి ఎంత దగ్గరగా జరిపాడంటే, వాద్యకారులు ఇబ్బందిపడి కుర్చీలు వెనక్కి లాక్కునేవారట. కమాను తంతిని కొరికినట్టు వినబడే ఆ గరుకుదనం అలా వచ్చింది.

ఇవన్నీ ఎక్కడా లేనివి ఒక్కసారిగా ఊడిపడ్డాయని అనడం సత్యం కాదు. టేపును కోసి అతికించి సంగీతం చేయడం ఫ్రాన్స్‌లో పియెర్ షాఫెర్ నలభయ్యోదశకం చివరలోనే మొదలుపెట్టిన ప్రయత్నాల కొనసాగింపు. అమెరికాలో లెస్ పాల్ ఒక్కడే పలు గిటార్లు వాయించి ఒకదానిపై ఒకటి పేర్చాడు. అదే ఏడాది మే నెలలో బీచ్ బాయ్స్ బృందపు ‘పెట్ సౌండ్స్’ వచ్చి, మెకార్ట్నీకి నిద్ర లేకుండా చేసింది. అయితే షాఫెర్ ప్రయోగాలను విన్నవాళ్లు తక్కువ. ‘రివాల్వర్’ను కొన్నవాళ్లు పాప్ పాటలు వినే పదహారేళ్ల పిల్లలు. ప్రయోగశాలలో ఉన్నది పిల్లల పడకగదిలోకి వచ్చింది. ఆ ఆల్బమ్ వేసిన ముద్రకు అసలు కారణం నాకు ఇక్కడే కనబడుతుంది.

ఆల్బమ్ విడుదలైన వారంలోనే బృందం అమెరికా పర్యటన మొదలుపెట్టి, ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్కులో ముగించింది. ఆ పర్యటన మొత్తంలో ‘రివాల్వర్’ పాట ఒక్కటీ వేదిక మీద వినిపించలేదు. వెనక్కి తిరిగే గిటారునూ, ఐదు టేపు వలయాలనూ అరుపుల మధ్య మైదానంలో ఎలా వాయిస్తారు? టికెట్లు అమ్మి చేసిన కచేరీల్లో వాళ్లకు అదే ఆఖరిది. అప్పటివరకూ రికార్డు కచేరీకి నీడ. ఆ వేసవిలో రికార్డు తన కాళ్ల మీద తాను నిలబడింది.

ఆ తరువాత జరిగిన దాని జాడ వెతకడం కొన్నిచోట్ల సులువు. 1980లో ద జామ్ బృందం పాడిన ‘స్టార్ట్’లోని బేస్ గిటారు వరుస, ఈ ఆల్బమ్ మొదటి పాట ‘టాక్స్‌మ్యాన్’ నుంచి వచ్చినదని ఒక్కసారి వింటే ఎవరైనా చెబుతారు. 1996లో కెమికల్ బ్రదర్స్ చేసిన ‘సెట్టింగ్ సన్’ డ్రమ్ముల్లో ‘టుమారో నెవర్ నోస్’ ముప్పై ఏళ్ల తరువాత డాన్సు హాలులో మోగింది, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. శబ్దపు ముక్కను వలయంగా తిప్పి దాని మీద పాట కట్టడం హిప్‌హాప్‌కూ ఎలక్ట్రానిక్ సంగీతానికీ నిత్యకృత్యమైంది, అయితే ఆ దారిలో నడిచినవారందరికీ ఇదొక్కటే మూలమని నేను అనను. పేర్లు పెట్టి చూపలేని ముద్రే ఎక్కువ. మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేచోట చేరి, ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదలుపెడుతూ చేసిన పాటలు మన పాత తెలుగు సినిమా పాటలు. ఇప్పుడు ఒక యుగళగీతంలోని ఇద్దరు గాయకులు ఒకరినొకరు చూడకుండానే, వేరువేరు ఊళ్లలో, వేరువేరు రోజుల్లో పాడతారు. పాటను పోగుచేసి కట్టవచ్చునన్న ఆలోచన మామూలు విషయం కావడానికి పట్టిన దీర్ఘప్రయాణంలో, ఆ పెన్సిళ్లు పట్టుకున్న మధ్యాహ్నం ఒక ముఖ్యమైన మజిలీ.

అమెరికాలో చాలాకాలం ‘రివాల్వర్’ను సరిగా విననేలేదు. అక్కడి కంపెనీ లెనన్ పాటలు మూడింటిని ముందే వేరొక ఆల్బమ్‌లో వాడేసుకొని, పదకొండు పాటలతోనే విడుదల చేసింది. అలా తీసేసిన మూడింటిలో ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’ కూడా ఉంది. క్లాస్ వూర్మన్ గీసిన, ముఖాల జుట్టులో బొమ్మలు చిక్కుకున్న నలుపుతెలుపు అట్టకు గ్రామీ అవార్డు వచ్చింది. అట్ట లోపల మాత్రం మూడు పాటలు తక్కువ.

2022లో ఈ ఆల్బమ్ నిర్మాత జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్ దాన్ని కొత్తగా మిక్స్ చేశాడు. ఒకే టేపు వరుసలో కలిసిపోయిన డ్రమ్ములనూ బేస్ గిటారునూ కంప్యూటర్ సాయంతో విడదీయగలిగారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, ఇంట్లో అందరూ నిద్రపోయాక, మొదట శబ్దమంతా ఒకే దారిలో వచ్చే పాత మోనో రూపాన్నీ, ఆ తరువాత దీన్నీ విన్నాను. కొత్తదాంట్లో రింగో చేతులు ఎదురుగా కనబడినంత స్పష్టంగా ఉన్నాయి. తంబూరా మొదలైంది, గొంతు సుడితిరిగింది, పక్షులు అరిచాయి. అది ఇరవైమూడేళ్ల కుర్రవాడి నవ్వని తెలిసి కూడా నాకు ఇప్పటికీ పక్షులే వినబడతాయి. పాట ముగింపులో వలయాలన్నీ ఒక్కొక్కటిగా సర్దుమణిగాక, ఎక్కడినుంచో ఒక పాతకాలపు పియానో రెండు మూడు స్వరాలు గలగలమని మోగి ఆగిపోతుంది. ఆ రాత్రి దాని కోసమే మరో రెండుసార్లు వెనక్కి తిప్పుకొన్నాను.