క్రియాటినిన్ కదలకముందే మూత్రం చెప్పేది

గుండె శస్త్రచికిత్స ముగిసి రోగి ఐసీయూకి చేరిన మొదటి రాత్రి, మంచానికి వేలాడే యూరిన్ బ్యాగులోని కొలతను గంట గంటకూ చార్టులో ఎక్కిస్తూ ఉంటాం. 70 కిలోల మనిషికి గంటకు 35 మిల్లీలీటర్లకు తక్కువగా 6 గంటలు వస్తే, కిడ్నీ జబ్బులపై మార్గదర్శకాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2012 నాటి ప్రమాణాల ప్రకారం అది అక్యూట్ కిడ్నీ ఇంజురీయే, అంటే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడమే. కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ అదే రాత్రి రక్తంలో మాత్రం చాలాసార్లు ఆపరేషన్‌కు ముందున్నంతే ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా తగ్గి కూడా కనిపిస్తుంది.

ఆ తగ్గుదల చూసి ఊరట చెందవద్దని కొత్తగా చేరిన వైద్యులకు పదే పదే చెబుతుంటాను. ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ యంత్రం గొట్టాలను ముందుగా ద్రవంతో నింపి ఉంచుతారు కాబట్టి రక్తం పలచబడి, దానితోపాటు క్రియాటినిన్ కూడా పలచబడుతుంది. పైగా వడపోత మందగించిన తర్వాత అది పేరుకుని లెక్కకు అందడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి ఉంటే మూత్రం కొలతను కూడా పూర్తిగా నమ్మలేం.

ఈ వ్యవధిని దాటే దారి 2005లో ద లాన్సెట్‌లో వచ్చిన సిన్సినాటి వైద్యుల అధ్యయనంతో తెరుచుకుంది. హార్ట్-లంగ్ యంత్రంపై ఆపరేషన్ జరిగిన 71 మంది పిల్లల్లో 20 మందికి కిడ్నీ దెబ్బతిన్నది; క్రియాటినిన్ పెరగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టగా, దెబ్బతిన్న కిడ్నీ కణాలు విడుదల చేసే ఎన్‌గాల్ అనే ప్రొటీన్ మూత్రంలో 2 గంటలకే పెరిగింది. పెద్దవారిలో అంత స్పష్టమైన ఫలితం రాలేదు. మధుమేహం, పాత కిడ్నీ జబ్బు వారిలో సాధారణం కావడం అందుకు ఒక కారణం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా తెల్లరక్తకణాల వల్ల ఎన్‌గాల్ పెరుగుతుంది.

టింప్-2, ఐజీఎఫ్‌బీపీ7 అనే జంట నాకు మరింత ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఒత్తిడికి లోనైన మూత్రనాళికల కణాలు విభజనను తాత్కాలికంగా ఆపుకోవడంతో సంబంధమున్న ప్రొటీన్లివి; అంటే కణం చనిపోకముందే సంకేతం అందే అవకాశం ఉంది. ఈ రెండింటినీ కలిపి కొలిచే పరీక్షకు 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. ఫలితం 0.3 దాటితే ముప్పు ఎక్కువని భావిస్తారు.

2017లో వెలువడిన జర్మనీ అధ్యయనం ప్రెవ్‌ఏకేఐలో ఆ గీత దాటిన 276 మందిని రెండు వర్గాలుగా విభజించారు. రక్తప్రసరణను దగ్గరగా గమనించడం, చక్కెర పెరగనివ్వకపోవడం, కిడ్నీకి హాని చేసే మందులు ఆపడం వంటి జాగ్రత్తలు కట్టుదిట్టంగా పాటించిన వర్గంలో 55.1 శాతం మందికి, మామూలు చికిత్స పొందిన వర్గంలో 71.7 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్నది. డయాలసిస్ అవసరంలో, మరణాల్లో మాత్రం తేడా రాలేదు. ఆ రెండో మాటను దాచిపెట్టి మొదటిదాన్నే చెప్పడం రోగికి న్యాయం కాదని నా అభిప్రాయం.

అందుకే ఈ పరీక్షను ప్రతి రోగికీ రాయను. రాసినప్పుడు బ్యాగులో గంటల తరబడి నిలవైన మూత్రం కాకుండా, క్యాథెటర్ నుంచి అప్పుడే తీసిన నమూనా పంపమని నర్సును కోరుతాను. ఫలితం ఎక్కువగా వస్తే, ఉదయానికి రాసి ఉంచిన రక్తపోటు మందు రామిప్రిల్‌ను రెండు రోజులు వాయిదా వేసి, నొప్పికి ఎవరైనా కిడ్నీకి హాని చేసే డైక్లోఫెనాక్ రాసి ఉంటే దాన్ని ఆ రాత్రే చార్టులో కొట్టేస్తాను.