బస్తాలో పదకొండు కిలోల అమ్మోనియా

డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు బస్తా మీద 18-46-0 అని పెద్దగా అచ్చేసి ఉంటుంది. యాభై కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయని దానర్థం. ఆ తొమ్మిది కిలోల నత్రజని కోసం ఫ్యాక్టరీలో సుమారు 11 కిలోల అమ్మోనియా వాడాలి. టన్ను అమ్మోనియాకు 33 నుంచి 36 ఎంఎంబీటీయూల (గ్యాసును కొలిచి అమ్మే యూనిట్) సహజవాయువు ఖర్చవుతుంది. ఆ లెక్కన ఒక్క బస్తాకు దాదాపు 0.37. యూనిట్ గ్యాసు పది డాలర్లు, డాలరు 76 రూపాయలు అనుకుంటే బస్తాలో గ్యాసు ఖర్చు 280 రూపాయలు. అదే గ్యాసు నలభై డాలర్లకు ఎక్కితే 1,125. భాస్వరం, గంధకం, ఓడ కిరాయి, సంచి, హమాలీ కూలి ఇంకా ఇందులో కలపలేదు.

2022లో యూరప్ మార్కెట్లో గ్యాసు ఆ నలభై కూడా దాటేసింది. యుక్రెయిన్‌లో వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే ఆదోనిలోనో, కదిరిలోనో ఎరువు ఎందుకు దొరకదని అడిగేవాళ్లకు సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది. మిగతా సగానికి నూట పదేళ్లు వెనక్కి పోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయమంటే గ్రూప్స్‌కు చదివే పిల్లలు కళ్లు మూసుకుని చెబుతారు. రహస్య కూటములు, సైనికవాదం, వలసల పోటీ, జాతీయవాదం, చివర్న 1914 జూన్ 28న సారయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. తప్పేమీ లేదు, మార్కులు పడతాయి. కానీ అవన్నీ 1914కు ముందు కూడా ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి సంక్షోభాలు వచ్చి పోయాయి. ఆ ఏడాది నిజంగానే దిగబడటానికి ఇంకో కారణం ఉంది. ప్రతి దేశమూ ఇది తొందరగా తేలిపోతుందని నమ్మింది. జర్మనీ సైనిక పథకం ప్రకారం ఆరు వారాల్లో ఫ్రాన్సు పని ముగించి రష్యా మీదికి తిరగాలి. కొద్దికాలపు యుద్ధానికి ఎంత సరుకు కావాలో అంతే లెక్క వేసుకున్నారు.

ఆ లెక్కలో పోయింది నత్రజని దగ్గరే. తుపాకీ మందుకైనా, ఫిరంగి గుండులో పేలుడు పదార్థానికైనా నైట్రిక్ ఆమ్లం కావాలి. ఆ రోజుల్లో నైట్రిక్ ఆమ్లానికి మూలం చిలీ దేశపు అటకామా ఎడారిలో తవ్వే నైట్రేటు. పొలాలకూ అదే ఎరువు. ప్రపంచంలో దాన్ని అందరికంటే ఎక్కువ కొనేది జర్మనీ. యుద్ధం మొదలవగానే బ్రిటిష్ నౌకాదళం సముద్రం మూసేసింది. 1914 నవంబరు 1న చిలీ తీరంలో కొరొనెల్ దగ్గర జర్మన్ ఓడలు గెలిచాయి గానీ, డిసెంబరు 8న ఫాక్‌లాండ్ దీవుల దగ్గర ఆ దళంలో దాదాపు అన్నీ మునిగిపోయాయి. దాంతో చిలీ నైట్రేటు జర్మనీకి అందకుండా పోయింది.

జర్మనీకి మిగిలిన పెద్ద దారి గాలే. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి ఇనుప ఉత్ప్రేరకం మీదుగా మామూలు గాలి పీడనానికి 200 రెట్ల ఒత్తిడిలో, నాలుగైదు వందల డిగ్రీల వేడిలో పంపితే అమ్మోనియా వస్తుంది. ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చేసి చూపిన ఈ పద్ధతిని కార్ల్ బాష్ కర్మాగారం స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఓపావులో మొదటి ప్లాంటు మొదలైంది, అదీ ఎరువు కోసం. 1915లో అదే అమ్మోనియాను గాలితో మండించి నైట్రిక్ ఆమ్లంగా మార్చడం మొదలుపెట్టారు. రెండేళ్లలో లొయినాలో ఇంకా పెద్ద ప్లాంటు లేచింది. ఆ ప్లాంట్లే లేకపోతే జర్మనీ అన్నేళ్లు నిలబడేది కాదు. 1916 జులై 1న ఫ్రాన్సులోని సొమ్ దగ్గర దాడికి ముందు వారం రోజుల్లో బ్రిటిష్ ఫిరంగులు పేల్చిన గుండ్లే 15 లక్షలు. అవతలి పక్షం జవాబు చెప్పాలన్నా అదే లెక్కలో నైట్రేటు కావాలి కదా.

నత్రజనికి రెండు గిరాకీలు వచ్చినప్పుడు ఫిరంగికి ముందు, పొలానికి తర్వాత. జర్మన్ పొలాలకు ఎరువు కోతపడింది, గుర్రాలు సైన్యానికి పోయాయి, మగవాళ్లు కందకాల్లో ఉన్నారు. 1916లో ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. ఆ చలికాలం అక్కడి జనం పశువులకు వేసే టర్నిప్ దుంప తిని బతికారు. పుస్తకాల్లో దాన్ని ‘టర్నిప్ చలికాలం’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు.

మన వైపు సంగతి. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీ చెనక్కాయ ఎక్కువగా పుదుచ్చేరి మీదుగా ఫ్రాన్సులోని మార్సే రేవుకు పోయేది, అక్కడ నూనె తీసి సబ్బులు చేసేవాళ్లు. ఓడలు సైన్యం పనికి పోగానే కొనేవాడు లేక ధర పడింది. చివరికొచ్చేసరికి కథ ఇంకా ముదిరింది. అమ్మే సరుకుకు ధర లేదు, కొనే జొన్నకు, బియ్యానికి, గుడ్డకు, కిరసనాయిలుకు ధర మండింది. 1918లో వానలూ పోయాయి. ఆ ఏడు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల జనం ధాన్యం అంగళ్లను లూటీ చేశారు. వెంటనే ఇన్‌ఫ్లూయెంజా వచ్చింది, అది దేశం మొత్తం మీద కోటికి పైగా ప్రాణాలు తీసింది. యుద్ధంలో చచ్చిన భారతీయ సైనికులు సుమారు 74 వేలు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే యుద్ధం ఎక్కువమందిని ఎక్కడ చంపుతుందో తెలుస్తుంది.

ఇక 2022. కారణాల జాబితా మళ్లీ పొడుగే. 2008లో బుకారెస్ట్‌లో యుక్రెయిన్‌కు నాటో ఇచ్చిన మాట, 2014లో క్రిమియా, దోన్‌బాస్ పోరు, అమలుకాని మిన్స్క్ ఒప్పందాలు. వీటి మీద టీవీల్లో కావలసినంత చెప్పారు, ఇక్కడ వదిలేద్దాం. పోలిక మాత్రం వదలలేం. ఫిబ్రవరి 24న రష్యా దళాలు దిగినప్పుడు కీవ్ రోజుల్లో పడిపోతుందనే అంచనా. మళ్లీ అదే ‘తొందరగా అయిపోతుంది’.

సరుకు పరంగా జరిగింది ఇది. రష్యాలోని తొల్యాత్తి నుంచి యుక్రెయిన్‌లోని ఒదెస్సా దగ్గరి రేవు దాకా దాదాపు 2,470 కిలోమీటర్ల అమ్మోనియా పైపులైను నడిచేది, ఏటా 25 లక్షల టన్నులు మోయగలది. యుద్ధం మొదలైన రోజే అది ఆగింది. రష్యా గ్యాసు తగ్గేసరికి యూరప్‌లో అమ్మోనియా ప్లాంట్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. అప్పటికి ప్రపంచంలో అమ్ముడయ్యే పొటాష్‌లో ఐదింట రెండు వంతులు రష్యా, బెలారుస్‌లదే. బెలారుస్ పొటాష్ అప్పటిదాకా ఓడెక్కిన దారి లిథువేనియా రేవు. యుద్ధానికి మూడు వారాల ముందే, ఆంక్షల వల్ల, ఆ దారి కూడా మూసుకుపోయింది. మన దేశంలో తవ్వి తీసే పొటాష్ గనే లేదు. కాబట్టి ఆ ఏడు పొటాష్ బస్తా 1,700కు పోయింది. అంతకుముందు ఏళ్లలో వెయ్యి లోపల ఉన్న సరుకు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ధరలు పెరగడం యుద్ధంతోనే మొదలవలేదు. 2021 అక్టోబరులో చైనా తన ఎరువుల ఎగుమతులకు కళ్లెం వేసింది, గ్యాసు అప్పటికే ఎక్కుతోంది. యుద్ధం ఎండిన వామి మీద నిప్పురవ్వలాగా పడింది. వామి ముందే ఎండి ఉంది.

రైతుకు డీఏపీ 1,200 నుంచి 1,350 అయింది, అంతే. మిగతాది కేంద్రం మోసింది. బస్తాకు 1,650గా ఉన్న సబ్సిడీని 2022 ఏప్రిల్‌లో 2,501 రూపాయలకు పెంచారు. ఆ ఆర్థిక సంవత్సరం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. ధర పెరగనివ్వకపోతే కొరత వేరే రూపంలో బయటపడుతుంది. ఒక రేక్‌లో (ఎరువు తెచ్చే గూడ్సు రైలులో) సుమారు 2,600 టన్నులు, అంటే 52 వేల బస్తాలు వస్తాయి. తొలకరి పడ్డాక రావలసిన రేక్ పది రోజులు ఆలస్యమైతే అంగట్లో క్యూ, ఆధార్ మిషను ముందు తోపులాట, ‘డీఏపీ కావాలంటే ఈ సీసా కూడా తీసుకో’ అనే లింకు అమ్మకం. బిల్లులో లింకు సరుకు రాయరు. పూర్తి బిల్లు అడిగి తీసుకున్నవాడికే వ్యవసాయాధికారి దగ్గర మాట్లాడే నోరుంటుంది.

నూనె సంగతి తొందరగా చెప్పేస్తా. యుద్ధానికి ముందు మనం కొనే పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు 70 శాతం యుక్రెయిన్‌దే. ఒకప్పుడు కర్నూలు, అనంతపురం, కడప నల్లరేగళ్లలో ఎక్కడ చూసినా ఈ పూలే. చవక దిగుమతి నూనె వచ్చి ఆ పంటను తుడిచేసింది. ఒదెస్సా మూతపడిన నెలలో లీటరు రెండు వందలకు చేరింది. దానికి తోడు ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మరోపక్క యుద్ధం వల్ల గిరాకీ పెరిగే సరుకు కూడా ఒకటి మన దగ్గరుంది. ఓబులవారిపల్లె దగ్గర మంగంపేట ముగ్గురాయి. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి బురదలో కలిపే బరువు పొడి అదే. చమురు ధర ఎక్కితే బావులు ఎక్కువ తవ్వుతారు, ముగ్గురాయికి ఆర్డర్లు వస్తాయి.

ఇప్పుడు చేను సంగతి. వానాధార చెనక్కాయకు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. బస్తా డీఏపీ వేస్తే భాస్వరం 23 కిలోలు పడుతుంది, అవసరం కంటే ఏడు కిలోలు ఎక్కువ. ఓడలో వచ్చి, సబ్సిడీ మోసి, ఎర్రనేలలో ఊరికే పడి ఉండే ఏడు కిలోలు. అదే 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో సరిగ్గా 16 కిలోల భాస్వరం ఉంటుంది. దాంతోపాటు డీఏపీలో లేని గంధకం 11 శాతం, కాల్షియం కూడా వస్తాయి. చెనక్కాయకు ఆ రెండూ ప్రాణం. 18 కిలోల యూరియా, 33 కిలోల పొటాష్ కలిపితే మోతాదు పూర్తయినట్టే. నల్లరేగడి శనగకైతే 20 కిలోల భాస్వరం కావాలి, అంటే 125 కిలోల సూపర్.

మరి రైతు డీఏపీనే ఎందుకు అడుగుతాడు? మొండితనం అనుకుంటే పొరపాటు. ఒక బస్తా మోయడం, రెండున్నర బస్తాలు మోయడం ఒకటి కాదు. పొడి సూపర్ చెమ్మ తగిలితే ముద్దకట్టి విత్తే గొర్రు జడ్డిగంలో, గొట్టాల్లో ఇరుక్కుంటుంది, నాలుగు సాళ్లలో ఒకటి ఖాళీగా పోయినా వెనక నడిచేవాడు గమనించడు. మొలకలు వచ్చాక ఆ సాలు పాలిపోయి కనిపిస్తుంది. అందుకే గుళికల సూపర్ అడిగి తీసుకోవాలి, పొడే దొరికితే ఆఖరి దుక్కిలో చల్లి కలియదున్నాలి, గొర్రుకు పెట్టకూడదు. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వస్తే మోతాదులో మూడో వంతు దాకా తగ్గించినా పంటకు నష్టం లేదు. జింక్ సల్ఫేట్‌ను మాత్రం డీఏపీతోగానీ సూపర్‌తోగానీ కలిపి వేయకూడదు, రెండూ కరగని పదార్థంగా మారి మొక్కకు ఏదీ అందదు.

కొరత నెలల్లో నకిలీ డీఏపీ తిరుగుతుంది. నాలుగు గింజలు అరచేతిలో వేసి కొంచెం సున్నం కలిపి పొగాకులా నలిపితే ముక్కు అదిరే అమ్మోనియా వాసన రావాలి. వేడి పెనం మీద వేస్తే గింజ పేలాలులా ఉబ్బాలి. ఈ రెండూ జరగకపోతే అనుమానించి నమూనా పరీక్షకు పంపించాలి.

గడ్డకట్టిన బస్తాల గురించి ఒక పాత ముచ్చట. యుద్ధం ముగిశాక ఓపావు ప్లాంటు మళ్లీ ఎరువులకు తిరిగింది. అమ్మోనియం సల్ఫేటు, నైట్రేటు కలిపిన ఎరువు 4,500 టన్నులు ఒక గోదాములో రాయిలా గట్టిపడింది. దాన్ని పగలగొట్టడానికి చిన్న డైనమైటు పెట్టేవాళ్లు, అంతకుముందు వేలసార్లు పెట్టారు, ఏమీ కాలేదు. 1921 సెప్టెంబరు 21న మాత్రం గోదామే పేలి ఐదు వందల మందికి పైగా చనిపోయారు. 2020లో బేరూత్ రేవులో పేలిన 2,750 టన్నులూ అమ్మోనియం నైట్రేటే. మన అంగళ్లలో దొరికే యూరియా అలాంటిది కాదు, గడ్డకడితే కర్రతో కొట్టి వాడుకోవచ్చు. గోడకు ఆనించకుండా, నేల మీద పెట్టకుండా చెక్కల మీద పేరిస్తే గడ్డకట్టడం తగ్గుతుంది.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక మొరాకో సరుకు సూయెజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. 1,350 ధర నిలపడానికి కేంద్రం టన్నుకు అదనంగా 3,500 ఇవ్వాల్సి వచ్చింది కూడా ఈ లెక్కలోదే. కాబట్టి డీఏపీ కావాల్సినవాళ్లు ఏప్రిల్‌లోనే మూడు వార్తలు చూసుకోవాలి: చైనా ఎగుమతులు, ఎర్ర సముద్రం దారి, గ్యాసు ధర. వీటిలో ఏ రెండు బాగాలేకపోయినా మే నెలలోనే సూపర్ కొని చెక్కల మీద పేర్చుకోవడం మేలు. చెనక్కాయకు జిప్సం ఎకరాకు 200 కిలోలు కూడా అప్పుడే తెచ్చిపెట్టుకోండి, చల్లేది మాత్రం ఊడలు దిగేటప్పుడు, నేలలో పదును ఉన్నప్పుడు, మొక్క మొదళ్ల పక్కన.