తంగేడు, కసివింద, తంటెం: పువ్వును వదిలి ఆకును చూడండి

నాకు పన్నెండేళ్ళున్నప్పుడు, ఎంగిలిపూల బతుకమ్మ నాటి ఉదయం, తంగేడు పువ్వు కోసుకురమ్మని మా నాయనమ్మ నన్ను పంపింది. గుట్ట దాకా నడవడానికి బద్ధకించి, ఊరి చివర పెంటకుప్పల పక్కన పసుపు పూలతో కనిపించిన మొక్కలనే తంగేడనుకొని, సంచి నిండా తెంపుకొచ్చాను. వాకిట్లో గుమ్మరించగానే ఆమె ఒక ఆకును వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని, మొహం చిట్లించి, "ఇది తంగేడు గాదు బిడ్డా, కసింద. వాసన సూడు" అని నన్ను మళ్ళీ గుట్టకు పంపింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది; పచ్చి ఆకులోనే ఏదో మగ్గి చెడిపోయినట్టుంటుంది.

ఇన్నేళ్ళుగా ఆదివారాలు పొలం గట్ల వెంట మొక్కలు చూస్తూ తిరుగుతున్నా, తంగేడు పేరుతో కసివింద ఫొటోలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. పంపినవారిని తప్పుపట్టలేను. వానాకాలం చివర తంగేడు, కసివింద, తంటెం ఒకేసారి పూతమీద ఉంటాయి. మూడూ దగ్గరి బంధువులు. మూడింటికీ ఐదేసి పసుపు రేకలు, మధ్యలో పొట్టివీ పొడవువీ కలిసిన పది కేసరాలు. వీటి పూలలో తేనె ఉండదు. పుప్పొడి కూడా పైకి రాలిపడదు. పుప్పొడి తిత్తుల కొసన ఉన్న సన్నని రంధ్రాల గుండా మాత్రమే బయటికి వస్తుంది. నల్ల తుమ్మెద పువ్వును కాళ్ళతో పట్టుకొని ఒళ్ళంతా అదిరేలా ఝుమ్మంటే, ఆ అదురుకు పుప్పొడి దాని పొట్ట మీద చిమ్ముతుంది. నిలబడి చూస్తే ఆ చప్పుడు ఎగిరేటప్పటి రొదకన్నా సన్నగా, బిగువుగా వినిపిస్తుంది. పనితీరు ఒకటే గనుక పువ్వు కట్టుబడీ ఒకటే అయింది; కాబట్టి పువ్వును మాత్రమే దగ్గరగా తీసిన ఫొటోను చూసి ఫోన్ యాప్ పేరు తప్పు చెబితే, ఆ తప్పు యాప్‌ది కాదు, ఫొటో తీసినవారిది.

పరిమాణం కొంత సాయపడుతుంది. బాగా విచ్చిన తంగేడు పువ్వు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుంటుంది, రేకల అంచులు కొద్దిగా ముడతలు పడి ఉంటాయి. కసివింద పువ్వు అందులో దాదాపు సగమే. కానీ వాడిన పువ్వు దగ్గర ఈ కొలత పనికిరాదు. అందుకే నేను ముందుగా ఆకు దగ్గరికే వెళతాను.

తంగేడు ఆకులో పత్రకాలు, అంటే ఈనెకు ఇరువైపులా జతలుగా ఉండే చిన్న చిన్న ఆకుముక్కలు, ఎనిమిది నుంచి పన్నెండు జతల దాకా ఉంటాయి, వాటి కొసలు గుండ్రంగా ఉండి మధ్యలో సూదిమొనంత ముల్లు కనిపిస్తుంది. ఆకు కాడ కొమ్మను అంటుకున్న చోట, చెవి తమ్మెల ఆకారంలో రెండు వెడల్పాటి పత్రపుచ్ఛాలు కొమ్మను ఇరువైపులా పట్టుకొని ఉంటాయి. తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా; అందులోని ఆరిక్యులేటా అన్న మాటకు చెవులు గలది అనే అర్థం. ఆ చెవులు ఆకుతోపాటు చాలా కాలం నిలిచి ఉంటాయి గనుక, పూత లేని వేసవిలో కూడా తంగేడును వాటితోనే పోల్చుకోవచ్చు. నా దృష్టిలో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

కసివింద ఆకులో పత్రకాలు నాలుగు నుంచి ఆరు జతలే. అవి పెద్దవి, కొస వైపు సన్నబడి మొన దేలి ఉంటాయి. తంటెం ఆకులో మూడే జతలు ఉంటాయి, మొదట్లో ఇరుకుగా ఉండి కొసన వెడల్పై, గుండ్రంగా ముగుస్తాయి. మొలిచిన కొత్తలో తంటెం వేరుశనగ మొక్కలా కనిపిస్తుంది గాని, వేరుశనగకు రెండు జతలే కాబట్టి లెక్కపెడితే తేలిపోతుంది. రాత్రి పూట తంటెం తన ఆకులను ముడుచుకుంటుంది.

ఇక్కడ భూతద్దం తీయాలి. పది రెట్లు పెద్దదిగా చూపేది చాలు. తంగేడు ఆకు ఈనె మీద, ప్రతి పత్రకాల జతకూ నడుమ, పుల్లముక్క గుచ్చినట్టు నిటారుగా ఒక సన్నని గ్రంథి నిలబడి ఉంటుంది. కసివింద ఆకుకు మొత్తం మీద ఒకటే గ్రంథి, అదీ కాడ మొదట్లో, ఆవగింజంత గుండ్రంగా, ముదురు రంగులో ఉంటుంది. పువ్వులో లేని తేనె ఈ గ్రంథుల దగ్గర ఊరుతుంది. మొన్న ఒక కసివింద కాడ మీద రెండు నల్లచీమలు ఆ ఒక్క బొడిపె చుట్టూ కదలకుండా నిలబడి ఉండగా చూశాను. గ్రంథి ఎక్కడుందో నేను వెతకకుండానే చీమలు చూపించాయి.

కాయలు దొరికితే పని ఇంకా తేలిక. తంగేడు కాయ కాగితంలా పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. కసివింద కాయలు కొంచెం పైకి వంపు తిరిగి, గోధుమ రంగు మీద లేత అంచులతో ఉంటాయి. తంటెం కాయ సన్నగా, పొడవుగా, కొడవలిలా వంగి ఉంటుంది.

ఈ తేడాలు సరదా కోసం మాత్రమే కాదు. లేత తంటెం ఆకును తొలకరి రోజుల్లో కూర వండుకునే ఇళ్ళు ఉన్నాయి. కసివింద గింజల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో 2016లో పిల్లలు వరుసగా చనిపోయినప్పుడు మొదట అందరూ మెదడువాపునే అనుమానించారు. తరువాత పరిశీలించిన నిపుణులు, వారిలో చాలామంది కసివింద గింజలు తినడం వల్ల, వాటిలోని ఆంత్రాక్వినోన్లు అనే రసాయనాల విషం సోకి చనిపోయారని తేల్చారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనూ అంతకుముందు ఇదే జరిగింది. పిల్లలను వెంటబెట్టుకొని మొక్కలు చూడటానికి వెళ్ళేవారు ముందుగా చూపించవలసింది ఈ మొక్కనే.

ఇప్పుడు సెన్నా అనే ప్రజాతిలో ఉన్న ఇవన్నీ పాత పుస్తకాల్లో కాసియా ప్రజాతి పేరుతో కనిపించి కొత్తవారిని తికమకపెడతాయి. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1753లో అలాగే పేర్లు పెట్టాడు. సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరపు మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తంగేడును సెన్నా అన్నాడు గాని, కాసియా నుంచి సెన్నాను వేరుచేసే ఆ విభజన స్థిరపడింది మాత్రం 1982లో ఇర్విన్, బార్నెబీ అనే వృక్షశాస్త్రజ్ఞులు చేసిన సవరణతోనే. రేల ఇప్పటికీ కాసియాగానే ఉంది.

తంటెం దగ్గర నాకు ఒక చిక్కు మిగిలింది. మనం తంటెం అనేది నిజానికి రెండు జాతులు, సెన్నా టోరా, సెన్నా ఆబ్టుసిఫోలియా. లిన్నేయస్ వీటిని వేరుగానే రాసినా, తరువాతి వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది ఒకటిగా కలిపేశారు. టోరాకు కింది రెండు జతల మధ్య ఒక్కొక్క గ్రంథి ఉంటుంది, ఆబ్టుసిఫోలియాకు సాధారణంగా అడుగు జత మధ్యనే ఉంటుంది. అయితే గ్రంథి ఎండి రాలిపోతుంది గనుక అసలు సాక్ష్యం గింజ దగ్గర దొరుకుతుంది: గింజ పక్కన కనిపించే లేతరంగు పట్టీ టోరాలో వెడల్పుగా, రెండోదానిలో దారమంత సన్నగా ఉంటుంది. మా చెరువుకట్ట మీది మొక్కకు ఒక ఆకులో రెండు గ్రంథులు, పక్క ఆకులో ఒకటే కనిపించాయి. కాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. కొమ్మకు ఎర్రదారం కట్టి వచ్చాను. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, మేకలు మిగిల్చి ఉంటే, గింజలు తీసి చూస్తాను.